మూడు దెబ్బల తర్వాత

బహుళ తదియ

మా వైస్ చాన్సలర్ గారి ఆజ్ఞ ప్రకారం ఈ రోజు నుంచి రోజువారీ సంగతులు ఈ పెట్టెకు చెప్పాలట. నేను చెబుతూ ఉంటే అది రాసుకుంటుందట. నా పేరు వాసంశెట్టి వీరవేణి. కోరంగి విశ్వవిద్యాలయంలో ఒప్పందాల గది చూస్తాను. నా హోదా పేరు బోర్డు మీద జానెడు పొడుగుంటుంది గానీ, పిల్లల దగ్గర్నుంచి ప్యూను దాకా అందరూ ఒప్పందాల మేడం అనే పిలుస్తారు. మా గట్టు శాస్త్ర విభాగానికీ గట్టు కంపెనీకీ నడుమ ఉన్న ఒప్పందం ఈ అమావాస్యతో ముగిసిపోతుంది. అది ఎలా పుట్టిందో ఎలా పోయిందో రాబోయే వాళ్ళకు తెలియాలని ఆయన కోరిక. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అనేది మా అమ్మ. రోగిని బతికించండి మహాప్రభో అంటే వినరు, గోడకు తగిలించే పటానికి మాత్రం ఫ్రేము ముందే కట్టించుకుంటారు.

ఈ పెట్టె ఒకటి. నేను నోరు తెరిచినప్పుడల్లా గొంతు తగ్గించమని ఎర్రదీపం వెలిగిస్తోంది. నా గొంతు నా ఇష్టం.

రాబోయే వాళ్ళకు ఒక ముక్క. మేము తారీఖులు వాడేది జీతాలకు మాత్రమే. సముద్రం మా ఊరికంటే ఎత్తున ఉంది. డాబా మీద బట్టలు ఆరేస్తూ తలెత్తితే గట్టు మీదుగా పడవల జెండాలు కదులుతూ పోతుంటాయి. పౌర్ణమికీ అమావాస్యకూ పెద్ద పోటు వస్తుంది కనుక గట్టు లోపల పుట్టిన ప్రతివాడికీ తిథి నోటికి ఉంటుంది. ఆ గట్టును చూసుకునేది కంపెనీ. గట్టు ఎందుకు నిలబడుతుందో చదివేది మా విభాగం. ఒప్పందం పోతే విభాగం మూసేస్తారు. గట్టు మీద పని దొరుకుతుందని నమ్మి చేరిన పదకొండు మంది పిల్లల్ని తలా ఒక విభాగంలోకి పంచేస్తారు, అక్కడ వాళ్ళు తెరల ముందు కూర్చుని గీతలు లెక్కపెట్టుకోవాలి.

కంపెనీ వాళ్ళకు ఇప్పుడు చదువుకున్న పిల్లలతో పని లేదు. తొడుగులున్నాయి. మోచేతి దాకా వచ్చే ఆ బూడిదరంగు తొడుగు వేసుకుంటే చాలు, తాపీ పట్టడం రాని వాడి చెయ్యి కూడా ముప్పై ఏళ్ళ మేస్త్రి చెయ్యిలా ఆడుతుంది. తప్పు పట్టలేను, మంచి వస్తువే.

ఇంటికొచ్చి అన్నం పెట్టాను. మాడిపోయింది. ఈ కొత్త కుక్కరు ఈలే వెయ్యడం లేదు, మార్చమని కొట్టువాడికి చెప్పాలి.

బహుళ పంచమి

కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. ఒప్పందాలు చూసే అధికారి ఇప్పుడు హేమసుందర్ గారు. నా తమ్ముడి కొడుకు వయసు. లేచి నిలబడ్డాడు, కుర్చీ చూపించాడు, అల్లం టీ తెప్పించాడు. మర్యాద చేసే వాడితో తగువు పెట్టుకోవడం మహా కష్టం.

ఆయన చెప్పింది ఇది. ఆరేళ్ళుగా మా పిల్లలు కంపెనీకి వచ్చి తెరలు చూసి పోవడం తప్ప చేస్తున్నదేమీ లేదు. గట్టులో తేమ మీటర్లున్నాయి, చుక్క నీరు చేరినా చెప్పేస్తాయి. చేతిపని తొడుగులు చూసుకుంటాయి. విశ్వవిద్యాలయం కొత్తగా ఇచ్చేదేమిటి? నేను విద్య అన్నాను, పరిశోధన అన్నాను, సమాజం పట్ల బాధ్యత అన్నాను. నాకే ఆవలింత వచ్చింది. చెవిటి వాడి ముందు శంఖం ఊదినట్టే అనుకున్నాను.

లేవబోతుంటే ఇంకో మాట చెప్పాడు. అమావాస్య వెళ్ళగానే తొడుగులకు కొత్త పాఠం ఎక్కిస్తారట. పాత పాఠంలో ఒక వృథా కదలిక ఉందట. చెయ్యి తాపీ పిడితో గోడను మూడుసార్లు కొడుతుంది, ఆ తర్వాత ఏ పనీ లేకుండా కాసేపు ఆగుతుంది. గట్టు పొడుగునా వేల చేతులు రోజంతా అలా ఊరికే ఆగుతున్నాయి కనుక ఆ కొట్టడమూ ఆగడమూ తీసేస్తారట.

లేవబోయినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. తొడుగులకు పని నేర్పిన ఆ చెయ్యి ఓలేటి నూకరాజు మేస్త్రి గారిది.

ముప్పై అయిదేళ్ళ కిందట మా విభాగం కొత్తగా పెట్టినప్పుడు, మా పిల్లల్ని ఆర్నెల్లపాటు మీ మేస్త్రీల పక్కన నిలబెట్టుకోండి అని అప్పటి మా ప్రొఫెసరు కంపెనీ చుట్టూ తిరిగాడు. కాలేజీ పిల్లలు కాళ్ళకడ్డం అని మేస్త్రీలంతా ఛీకొట్టారు. మీటింగులో వెనక బెంచీ నుంచి నూకరాజు గారు లేచి, "నాకొకర్ని ఇప్పించండి. మిగతావోళ్ళ సంగతి నాకు తెల్దు" అన్నాడట. అలా మొదటి విద్యార్థినిగా నేను ఆయన పక్కన నిలబడ్డాను. ఒకరితో మొదలైనది మరుసటేటికి ఇరవై మంది అయింది. ఒప్పందం అంటే అదే, కాగితం తర్వాత వచ్చింది.

మూడు దెబ్బలు దేనికో కంపెనీలో ఈనాడు ఎవరికీ గుర్తులేదు గానీ నాకు తెలుసు. గోడ వెనక ఇసక జారిపోతే లోపల గుల్ల పడుతుంది. పైకి ఏమీ కనబడదు. పిడితో కొడితే గట్టి చోట ఒక మోత, గుల్ల చోట ఇంకో మోత. గుల్ల పొడిగా ఉన్నన్నాళ్ళూ తేమ మీటరుకు తెలియదు. తెలిసేసరికి సముద్రం లోపలికొస్తుంది. తొడుగులో కొట్టడం ఉంది, వినడం లేదు. అదంతా చెప్పాను. హేమసుందర్ గారు శ్రద్ధగా విన్నాడు. మీటర్లు దొరకబుచ్చుకోని గుల్ల ఒక్కటి చూపించండి, బోర్డు ముందు పెడతాను అన్నాడు.

అదీ మాట. ఒక్క గుల్ల దొరికితే ఒప్పందం బతుకుతుంది.

బహుళ సప్తమి

గట్టెక్కి ఎన్నాళ్ళయింది. ఒప్పందాల గదిలో కూర్చుని సంతకాలు చేయిస్తూ చేయిస్తూ గట్టు మెట్లే మరిచిపోయాను. మోకాళ్ళు గుర్తుచేశాయి. ఆఖరి సంవత్సరం చదివే కర్రి లోవకుమారిని వెంటబెట్టుకెళ్ళాను. మంచి పిల్ల, మాట తక్కువ. ప్రయోగశాలలో గుల్ల దిమ్మలు కొట్టి వినడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. ఏం లాభం, అసలు గట్టును ఎప్పుడూ తాకలేదు.

పైన అదే పీతల వాసన, అదే ఉప్పుగాలి. నాకు పాతికేళ్ళు తగ్గినట్టయింది. మాకు కేటాయించిన మేస్త్రి పేరు రామతులసి, అందరూ తులసమ్మంటారు. తొడుగేసుకున్న చెయ్యి నత్తగుల్లలు గీకుతుంటే, ఆవిడ ఇటు తిరిగి కూతురి పెళ్ళి కబుర్లు చెబుతోంది. చెయ్యి దాని పని అది చేసుకుంటుంది, నోరు ఖాళీయేగా అని నవ్వింది. అంతలో చెయ్యి తాపీ తిప్పి పిడితో కొట్టింది. ఒకటి, రెండు, మూడు. మూడోది కొంచెం బరువుగా. తర్వాత ఆగింది.

ఏం చెప్పను. మనిషి పోయి పద్నాలుగేళ్ళు. ఆయన చెయ్యి గట్టు పొడుగునా, కనుచూపు మేర, ఒకరి తర్వాత ఒకరి భుజానికి తగులుకుని ఆడుతోంది. నేను విద్యార్థినిగా పక్కన నిలబడ్డ ఆర్నెల్లూ ఆయన నమూనా తొడుగు వేసుకుని పనిచేశాడు, ఇప్పటి తొడుగులన్నీ దాని నుంచి నేర్చుకున్నవే. బొంత కాకిలా ఉందని నేను ఆ తొడుగును వెక్కిరించేదాన్ని. ఇప్పుడు దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

ఆ ఆగినప్పుడు ఏం చేస్తావని తులసమ్మనడిగాను. ముక్కు గోక్కుంటానంది. ఆ మూడు దెబ్బలు గట్టుకు పెట్టే దణ్ణమట. వాళ్ళింట్లో కొత్త కోడలు గడప దాటే ముందు మూడుసార్లు తట్టాలట. పిల్లలు పరీక్షకు ముందు బల్ల తడతారట. నాకు నవ్వూ వచ్చింది, దిగులూ వచ్చింది.

అప్పుడు తాపీ నేను తీసుకున్నాను. చెయ్యి మరిచిపోలేదు. పదహారో మెట్ల వరస నుంచి లాకుల దాకా కొట్టుకుంటూ పోయాను. ప్రతిచోటా ఒకటే మోత, రాయిలా గట్టిగా. లోవ పక్కన నిలబడి ఏవో మొహాలు పెట్టింది. మొదట ఎండకేమో అనుకున్నాను, తర్వాత చిరాకేసి, చూస్తే శ్రద్ధగా చూడు, లేకపోతే కిందికి పో అని కసిరాను. పాపం తల దించుకుంది. తిరిగొస్తుంటే తులసమ్మ పరుగెత్తుకొచ్చి భుజం తట్టింది. నా చేతిసంచీ మరిచిపోయానట.

"ఎన్నిసార్లు పిలిసేనండి, ఎనక్కి తిరిగి సూడరేం. సదూకున్నోళ్ళకి అంత పొగరేంటండి" అంది నవ్వుతూ.

నేనూ నవ్వాను. నూకరాజు గారిని కూడా అందరూ ఆ మాటే అనేవారు. వెనక నుంచి గొంతు చించుకున్నా పలికేవాడు కాదు. పొగరుబోతు నూకరాజు అని పేరు.

దిగి, దారిలో కంపెనీ ఆఫీసు దగ్గర ఆగి హేమసుందర్ గారికి నిజమే చెప్పాను. గట్టు బాగుంది, గుల్ల లేదు అన్నాను. అబద్ధమాడి ఒప్పందం నిలబెట్టుకోలేను కదా. ఆయన కూడా బాధపడ్డట్టే కనిపించాడు.

బహుళ దశమి

గది సర్దుతున్నాను. అమావాస్య నాడు వీడ్కోలు సభ పెడతారట. నూకరాజు గారి మీద ఏటా చదివే ఉపన్యాసం ఈసారీ నేనే చదవాలట. విద్య మీద ప్రేమతో, తాను చదువుకోకపోయినా విద్యార్థులకు తలుపు తెరిచిన మహానుభావుడు అని ఉంటుంది అందులో. ఆయన పోయినప్పటి నుంచీ చదువుతున్నాను, కంఠతా వచ్చు.

బీరువా వెనక నా పాత క్యారేజీ దొరికింది. మూడు గిన్నెలది, అడుగు గిన్నె సొట్ట. ఇది మా ఒప్పందపు ఆచారం. విద్యార్థి క్యారేజీ మేస్త్రి తినాలి, మేస్త్రి క్యారేజీ విద్యార్థి తినాలి, ఆర్నెల్లూ. పెట్టింది నూకరాజు గారే. మొదటి రోజు నేను మా అమ్మ కట్టిన పెరుగన్నం ముందు పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, నా గిన్నె లాక్కుని ఆయనది ఇటు తోశాడు. ఎండు మెత్తళ్ళ చేపలూ వంకాయా. కారానికి ప్రాణం పోయింది. "ఒకరి కూడు ఒకరు తింటే గానీ ఒకరి మాట ఒకరికి ఎక్కదమ్మాయ్" అని అరిచాడు. ఆయన మాట్లాడితే అరుపే. పక్క లాకు దాకా వినబడేది. తొడుగులొచ్చాక పిల్లలు గట్టెక్కడం మానేశారు, క్యారేజీలు మారడమూ ఆగిపోయింది. నాకు ఒప్పందం ఆనాడే పోయినట్టు అనిపిస్తుంది.

అదంతా తలుచుకుంటూ కూర్చున్నాను. ఎప్పుడొచ్చిందో లోవ గుమ్మంలో నిలబడి ఉంది. తలుపు మూడుసార్లు కొట్టిందట. లోపలికి రమ్మన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు. పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. విభాగం మూసేస్తున్నందుకు బెంగ పడుతోందనుకుని ఓదార్చబోయాను.

"మేడం, ఆ రోజు గట్టు బాగుందని ఎందుకు చెప్పారండి?"

బాగుంది కాబట్టి చెప్పానన్నాను. అది నా మొహం వంక చూసి, మళ్ళీ నేల చూసింది.

"మూడు చోట్ల గుల్ల మోగిందండి. మీకు తెలిసే ఊరుకుంటున్నారేమో, నన్ను పరీక్ష చేస్తున్నారేమో అనుకున్నాను. మీరు ఇంటున్నారనే అనుకున్నానండి."

మూడు రోజులు మింగుకుని తిరిగింది పిల్ల. టీచరు బాగుందంటే బాగాలేదని ఎలా అంటుంది. మన పెంపకం అలాంటిది. నాకు ఒళ్ళు మండిపోయింది. దాని మీదో నా మీదో తెలియదు. పద ప్రయోగశాలకి అన్నాను.

అక్కడ వరసగా అయిదు దిమ్మలుంటాయి, ఒకటి గుల్ల. ఏది ఎక్కడుందో తెలియకుండా లోవను వాటిని అటూ ఇటూ మార్చమని, గోడవైపు తిరిగి నిలబడ్డాను. తర్వాత కొట్టాను. అయిదూ ఒకేలా మోగాయి. మళ్ళీ కొట్టాను. అయిదూ గట్టివే. ఆ దిమ్మలు పోత పోయించింది నేను. ఎన్ని బ్యాచీల పిల్లలకు వాటి మీద చెవులు నేర్పించానో లెక్కలేదు.

"గుల్లది ఏదే" అన్నాను. రెండోది చూపించి ఏడ్చేసింది. దాన్ని ఇంటికి పంపించి నేను ఏడ్చాను.

కుక్కరు ఈల వేస్తూనే ఉంది కాబోలు ఇన్నాళ్ళూ. ఈ పెట్టె దీపం కూడా అందుకే వెలుగుతోంది. ఇదిగో, నెమ్మదిగానే మాట్లాడుతున్నాను. ఇప్పుడు వెలగడం లేదు.

బహుళ త్రయోదశి

నిన్నంతా చెవుల డాక్టరు దగ్గర గడిచింది. సన్నని మోతలు నాకు అందడం లేదట, చాలాకాలంగా. వయసు వల్లనట. యంత్రం పెడితే మాటలు తేటపడతాయి గానీ ఆ సన్నని తేడాలు రావన్నాడు.

ఈ రోజు లోవతో కంపెనీకి వెళ్ళాను. గుల్లలున్నాయి అన్నాను. హేమసుందర్ గారు టీ కప్పు పక్కన పెట్టాడు. సప్తమి నాడు లేవని మీరే కదండీ చెప్పింది అన్నాడు. ఒప్పందం కోసం కథ మార్చాననుకున్నాడు, మొహంలో తెలిసింది. నేనైనా అలాగే అనుకుంటాను.

"నాకు వినబడదండి. చెవులు పోయాయి. మొన్న మీకు చెప్పింది చెవిటిదాని మాట. ఇవాళ చెప్పేది ఈ అమ్మాయి మాట" అన్నాను.

ఆ గదిలో ఉన్నవాళ్ళంతా తలలెత్తి చూశారు. ముప్పై అయిదేళ్ళుగా ఈ ఊళ్ళో గట్టు మాట వస్తే వీరవేణిని అడగండి అనేవారు. ఆ పేరు నా నోటితోనే పోగొట్టుకున్నాను. హేమసుందర్ గారు వెంటనే గొంతు పెంచి మాట్లాడడం మొదలుపెట్టాడు. అంత గట్టిగా అక్కర్లేదు బాబూ, ఎదురుగా ఉంటే వినబడుతుంది అన్నాను.

ఆయన ఇబ్బంది ఆయనది. ఎల్లుండే అమావాస్య పోటు. ఈ వేళ గట్టుకు బెజ్జం పెట్టడం పిల్లాట కాదు. గట్టి గోడకు బెజ్జం పెట్టామని తేలితే ఆయన ఉద్యోగం పోతుంది. చివరికి ఒక్క బెజ్జానికి ఒప్పుకున్నాడు. ఒక్కటే, అదీ చీకటి పడకముందే పూడ్చెయ్యాలి. లోపల గట్టిగా ఉంటే ఒప్పందం మాట ఇంక ఎత్తకూడదు. సరేనన్నాను. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు ఉంది నా పని, అయినా దిగాక ఈదాలి.

గట్టు మీద పదిమంది చేరారు. తులసమ్మ బెజ్జం వేసే మిషను పట్టుకుని సిద్ధంగా ఉంది. లోవ తాపీ తీసుకుంది. అసలు గట్టును కొట్టడం దానికి ఇదే మొదటిసారి. ఒక దెబ్బ గట్టిగా, ఒకటి మెల్లగా పడుతోంది. దెబ్బ ఒకే బరువుతో పడకపోతే మోతలో తేడా ఎవరికి తెలుస్తుంది. అది బిక్కమొగం వేసి నా వంక చూసింది. తాపీ ఇలా ఇవ్వమన్నాను.

కొట్టాను. ఒకటి, రెండు, మూడు. నాకు ఏమీ తెలియదు కనుక లోవ మొహం వంక చూశాను. మామూలుగానే ఉంది. రెండడుగులు జరిగి మళ్ళీ కొట్టి, ఆగి, చూశాను. ఏమీ లేదు. మెట్ల వరస దాటాక, లాకుకు కాస్త ఇవతల, మూడో దెబ్బ పడగానే దాని కనుబొమలు దగ్గరకొచ్చాయి, తల రవ్వంత పక్కకు వాలింది. ఇక్కడ అన్నాను. అది తలూపింది.

అప్పుడు, ఆ తాపీ చేతిలో ఉండగానే, నాకు ఒక్కసారిగా తెలిసింది.

నూకరాజు గారు ఇలాగే చూసేవాడు. మూడు కొట్టి, ఆగి, తల తిప్పి నా మొహంలోకి చూసేవాడు. ప్రతిసారీ. శ్రద్ధగా ఉన్నానో లేదో చూస్తున్నాడనుకునేదాన్ని. కూతురు లేని మనిషి, ముచ్చటపడుతున్నాడని మా అమ్మ అనేది. నేను మొహం చిట్లిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టేవాడు. గుల్ల మోత ఆయనే విని గుర్తు పెడుతున్నాడనుకున్నాను. వినేది నేను. మట్టిని కొట్టి అదిమే దిమ్మెస మిషన్ల హోరు పక్కన పాతికేళ్ళు పనిచేసిన మనిషి. వెనక నుంచి పిలిస్తే పలకడు, మాట్లాడితే అరుపు. చెవుడని తెలిస్తే మర్నాడే ఇంటికి పంపేస్తారు. మీటింగులో వెనక బెంచీ నుంచి నాకొకర్ని ఇప్పించండి అన్నది విద్య మీద ప్రేమతో కాదు. ఆయనకు ఒక జత చెవులు కావలసి వచ్చాయి.

తులసమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నేనింకా గ్లాసు దింపకముందే మిషను మొదలుపెట్టారు. చాలాసేపు రాయి పొడి రాలింది. హేమసుందర్ గారు చొక్కా బొత్తాలు తిప్పుకుంటూ నిలబడ్డాడు. ఉన్నట్టుండి మిషను తులసమ్మ చేతిలోంచి ముందుకు తూలింది. ఆవిడ తొడుగు తీసేసి, ఒట్టి చేత్తో ఇనుప చువ్వ లోపలికి పోనిచ్చింది. చువ్వ పోయింది. దాని వెంట చెయ్యీ పోయింది, మోచేతి దాకా.

"అమ్మ బాబోయ్, లోపలంతా డొల్లండి. ఇక్కడో గదుంది" అంది తులసమ్మ.

లోవ నా పక్కన కూర్చుని నా భుజం మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నేను చూడలేదు.

అమావాస్య

నిన్నా మొన్నా కంపెనీలో ఉన్న ప్రతి చెయ్యీ మూడు గుల్లల్లోకి సిమెంటు పాలు పోస్తూనే ఉంది. ఉదయపు పోటు గట్టు అంచు దాకా వచ్చింది. ఊళ్ళో సగం మంది డాబాలెక్కి నిలబడ్డారు. నీళ్ళు లాకు పక్కన కాసేపు తారట్లాడి వెనక్కి పోయాయి. వీడ్కోలు సభ అనుకున్నది వేరే సభ అయింది.

హేమసుందర్ గారు కొత్త ఒప్పందం పట్టుకొచ్చాడు. తొడుగు గోడను తట్టే ప్రతిచోటా ఒక విద్యార్థి పక్కన ఉండాలి. పదకొండు మందీ చాలరు, మొదటి విడతగా వచ్చే ఏడు వంద మందిని చేర్చుకోమన్నాడు. కొట్టడం, ఆగడం తీసెయ్యరు. సంతకానికి ముందు నసుగుతూ ఒక మాట అడిగాడు. లోవ వినికిడిని కూడా ఒక టోపీలోకి ఎక్కిస్తే బాగుంటుందని బోర్డులో ఎవరో అన్నారట.

"ఎక్కించుకోండి బాబూ. చేతిని ఎక్కించుకున్నప్పుడు చేతి పక్కనున్న మనిషిని బయట వదిలేశారు. ఈసారి ఎవర్ని వదిలేస్తారో ముందు చూసుకోండి" అన్నాను.

ఆయన నవ్వి కలం ఇచ్చాడు.

ఉపన్యాసం చదివాను. విద్య మీద ప్రేమ, మహానుభావుడు అన్న వాక్యం దగ్గరకొచ్చి ఆగాను. ఆ వాక్యం కొట్టేసి, ఆయనకు మేము కావలసి వచ్చాము, మాకు ఆయన కావలసి వచ్చాడు అని చదివాను. వైస్ చాన్సలర్ గారికి నచ్చలేదు. ఆయన రహస్యం బయటపెట్టానే అని నాకు మొదట బెరుకుగా ఉంది. తర్వాత అనిపించింది, ఇప్పుడు ఆయన్ని ఉద్యోగంలోంచి ఎవరు తీస్తారు.

శుద్ధ విదియ

నా పదవీ విరమణ కాగితం పెట్టేశాను. ఆపుతారేమోనని కొంచెం ఆశపడ్డాను, ఎవరూ ఆపలేదు. మంచిదే. చెవి యంత్రం పెట్టుకున్నాను. కుక్కరు ఈల వింటే ఎవరో పిచ్చుక గొంతు పిసుకుతున్నట్టుంది.

పిల్లలు గట్టెక్కే మొదటి రోజని చూడ్డానికి వెళ్ళాను. లోవను తులసమ్మకు జతచేశారు. నా సొట్ట క్యారేజీ లోవకిచ్చాను. మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గిన్నెలు మార్చుకున్నారు. తులసమ్మ తెచ్చింది చుక్కకూర పచ్చిరొయ్యలు. లోవ తెచ్చిన టమాటా పప్పు చూసి, ఇది తింటే నా చెయ్యి లేవదమ్మా అని తులసమ్మ ఎగతాళి చేసింది గానీ గిన్నె నాకేసింది. నాకెవరూ పెట్టలేదు. అడిగి ఇద్దరి గిన్నెల్లోంచీ తిన్నాను.

తర్వాత పనిలోకి దిగారు. తొడుగు గీకింది, తుడిచింది, తాపీ తిప్పి కొట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. తులసమ్మ అలవాటు కొద్దీ ముక్కు దగ్గరికి చెయ్యెత్తి, గుర్తొచ్చి, దించుకుని, లోవ మొహంలోకి చూసింది.

నూకరాజు గారి చెయ్యి ఇన్నేళ్ళూ గట్టు మీద అలా ఊరికే ఆగలేదు. ఇరవై ఏళ్ళ అమ్మాయి మొహంలోకి చూడడానికి ఒక చెవిటి మనిషికి ఎంతసేపు పడుతుందో, సరిగ్గా అంతసేపు ఆగుతోంది. ఇన్ని వేల చేతుల్లో, ఇన్ని వేల సార్లు, ఆయన నా వంకే చూస్తున్నాడు.

లోవ తల అడ్డంగా ఊపింది. గట్టిగా ఉందని. తులసమ్మ రెండడుగులు జరిగింది.